సుస్తీ: బద్ధకమా, జబ్బా?

మూడేళ్ళ కింద మాకొక కథ వచ్చింది. ఇస్నాపూర్ నుంచి. రూళ్ళ నోట్‌బుక్కులోంచి చించిన పదకొండు కాగితాల మీద రాసి, ఫోన్‌లో ఫొటోలు తీసి పంపాడు ఆ రచయిత. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు. కథలో మనిషీ అలాంటివాడే. రెండేళ్ళుగా ఆ మనిషికి నిద్ర లేచేసరికే అలసట. బీ షిఫ్టు ఉన్న రోజు పదింటికి లేచి, ఒక కాలికి బూటు తొడిగి, రెండో బూటు చేతిలో పట్టుకొని మంచమ్మీద కూచుండిపోతాడు. పొద్దు నెత్తి మీదికొస్తుంది. బూటు చేతిలోనే ఉంటుంది. సైరన్ మోగితే గుండె పట్టేసినట్టవుతుంది, అది షిఫ్టు మారే సైరనేనని తెలిసినా సరే. చివరికి ఎవరో చెబితే పటాన్‌చెరులో 218 బస్సెక్కి ఎర్రగడ్డ ఆసుపత్రికి బయల్దేరుతాడు. కండక్టరు 'ఎర్రగడ్డ, ఎర్రగడ్డ' అని అరుస్తాడు. బస్సులో అందరూ తననే చూస్తున్నట్టు అనిపించి దిగడు. అమీర్‌పేట దాకా పోయి, ఎదురు బస్సెక్కి వెనక్కొచ్చేస్తాడు. కథ అయిపోతుంది.

మేం ఆ కథను వాపసు చేశాం. 'బాగా రాశారు, కాని ఇందులో ముస్లిం సమస్య లేదు' అని ఒక వాక్యం రాసి పంపాం. ఆ వాక్యం గురించే ఈ వ్యాసం.

ముస్లిం సమస్య అన్నప్పుడు మా మనసులో ఉన్నదేమిటి? ఒక పోలీసు, ఒక కిరాయి ఇల్లు దొరకని మనిషి, ఒక తిట్టు, ఒక మంట. ఇవి లేని కథను మేం ముస్లిం కథగా గుర్తుపట్టలేకపోయాం. ఇందులో పూర్తిగా మా తప్పే ఉందని అనం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చేదాకా ఈ దేశంలో అనుమానితుడిగా బతకడమంటే ఏమిటో తెలుగు కవిత్వానికి తెలియదు. బాబ్రీ కూలిన తర్వాతి సంవత్సరాల్లో మావాళ్ళు ఒక్కొక్కరే గొంతు విప్పారు. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్', 2006లో 'అలావా' వచ్చాయి. దేశద్రోహి అన్న ముద్ర ఒకవైపు, బుజ్జగింపులు పొందుతున్నవాడన్న ముద్ర ఇంకోవైపు మోస్తున్న జనం గురించి 2006లో సచార్ కమిటీ చెప్పడానికి చాలా ముందే మా కవులు చెప్పారు. ఆ సాహిత్యం మమ్మల్ని నిలబెట్టింది. దాన్ని చిన్నది చేసే ఉద్దేశం మాకు లేదు.

కాని ఒకటి గమనించాలి. మేం రాసిన దుఃఖాలన్నిటికీ తారీఖులున్నాయి. 1948 సెప్టెంబర్, 1990 హైదరాబాద్, 1992 డిసెంబర్ 6, 2002 గుజరాత్, 2007 మక్కా మసీదు. సంగారెడ్డి వరకే చూసినా 2012 మార్చిలో తగలబడిన దుకాణాలు. తారీఖున్న దుఃఖానికి దోషి ఉంటాడు, సాక్షి ఉంటాడు, ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, కవిత రాయడానికి ఒక ఎత్తుగడ ఉంటుంది. మరి తారీఖు లేని దిగులు మాటేమిటి? ఎప్పుడు మొదలైందో చెప్పలేనిది, ఎవరు చేశారో చూపలేనిది, పొద్దున్నే ఛాతీ మీద కూచుని రాత్రి దాకా లేవనిది? దాన్ని మేం ప్రతీకగా వాడుకున్నాం. 'జాతి అలసిపోయింది' అని రాసుకున్నాం. అలసిపోయిన ఒక్క మనిషిని మాత్రం పక్కన పెట్టేశాం. తెలుగులో మేము వేరు, మనము వేరు. ఉర్దూలో రెంటికీ 'హమ్' ఒక్కటే. మేం 'మేము' అని రాసినప్పుడల్లా ఇస్నాపూర్ మంచమ్మీద ఒంటికాలి బూటుతో కూచున్నవాడు అందులో ఉన్నాడా లేడా అని ఎన్నడూ చూసుకోలేదు.

ఇది మా ఒక్కరి లోపమేం కాదు. తెలుగు సాహిత్యం మనసనేదాన్ని ఎవరికిచ్చిందో చూడండి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావుకిచ్చింది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధికిచ్చింది, ఆయన డాక్టరు. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యకిచ్చింది. ఆయన గుమాస్తా, భయస్తుడు. భయాన్ని రోజువారీ బతుకుగా రాయడంలో ఆ నవలను మించినది మాకు తెలుగులో కనబడదు. 1969లో నవీన్ 'అంపశయ్య'లో రవికిచ్చింది. రవి లేనింటి పిల్లవాడే, కాని ఉస్మానియా హాస్టల్లో ఆయనకొక గది ఉంది, తన ఆలోచనలు తాను వినడానికి కాస్త నిశ్శబ్దం ఉంది. వీళ్ళందరికీ లోపలొక లోకం ఉందని తెలుగు పాఠకుడు ఏ అభ్యంతరమూ లేకుండా ఒప్పుకున్నాడు. అభ్యుదయ, విప్లవ సాహిత్యాల్లో కార్మికుడికి మాత్రం ఎక్కువగా దక్కింది ఆకలి, కోపం, సమ్మె. ఆయన కుంగిపోతే అది చైతన్యలోపం. మా సాహిత్యంలో ముస్లింకి గాయం దక్కింది. అటు కార్మికుడూ ఇటు ముస్లిమూ అయినవాడికి రెండు జెండాలు దొరికాయి గాని, మనసు దొరకలేదు.

ఇక్కడ మఖ్దూం గుర్తొస్తాడు. మఖ్దూం మొహియుద్దీన్ 1908లో పుట్టింది ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని ఆందోల్‌లో. హైదరాబాద్ రాజ్యంలో కార్మిక సంఘాలు కట్టినవాడు, కవి. 1944లో వచ్చిన ఆయన మొదటి సంపుటి పేరు 'సుర్ఖ్ సవేరా', ఎర్రని ఉదయం. మేమంతా ఆ ఉదయం మీద పెరిగినవాళ్ళమే. అయితే మఖ్దూం జిల్లాలోనే ఇవాళ ఒక వారం సీ షిఫ్టు చేసినవాడికి ఉదయమంటే ఏమిటి? ఫజర్ నమాజు అయ్యాక గేటు దాటి, ఎండకు కళ్ళు మూసుకొని, రేకుల గదిలో నిద్రపట్టక పొర్లడం. వారం తిరిగేసరికి షిఫ్టు మారుతుంది. ఒంట్లో గడియారం మారదు. పగలూ రాత్రీ ఇలా తారుమారైతే నిద్ర చెడుతుందని, నిద్ర చెడ్డవాళ్ళలో దిగులూ ఆందోళనా ఎక్కువని వైద్యశాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. ఉదయాన్ని ప్రతీక చేసిన మా కవిత్వం ఆ మనిషి ఉదయం దగ్గరికి పోయి చూడలేదు.

పటాన్‌చెరు ఎలాంటి చోటు? 1970లలో పారిశ్రామిక వాడ వచ్చింది. పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, ఇలా ఒక్కో ఊరూ ఫ్యాక్టరీల అడ్రసుగా మారింది. నక్కవాగు రంగు మారింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ కాలుష్యం మీద డాక్టర్ అల్లాని కిషన్ రావు 1980ల నుంచి కొట్లాడారు. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఫ్యాక్టరీల మురికినీటిని శుద్ధి చెయ్యడానికి ఉమ్మడి ప్లాంటు కట్టారు. దాదాపు 90 మందుల కంపెనీల నీళ్ళు చేరే ఆ ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధి అయిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగే రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కంటే అది ఎక్కువ. లోకానికంతటికీ మందులు చేసే చోట వాగు కూడా మందు తాగుతోంది. అక్కడ పనిచేసేవాడు మాత్రం తన జబ్బుకు మందుందని తెలియక అమీర్‌పేట నుంచి వెనక్కొస్తున్నాడు.

ఇంకొక విషయం మా రచయితలకు తెలిసి ఉండాలి. ఏళ్ళ తరబడి ద్రావకాల ఆవిరి పీల్చే కార్మికులకు విడవని అలసట, మతిమరుపు, చిరాకు, దిగులు రావడం 1970లలోనే స్కాండినేవియా దేశాల డాక్టర్లు పెయింటు పనివాళ్ళలో గుర్తించారు. దాన్ని వృత్తి జబ్బు కింద లెక్కగట్టారు. అంటే మనసులో పుట్టిందనుకునే దిగులుకు కొన్నిసార్లు ముక్కు దారిన వచ్చే కారణం కూడా ఉంటుంది. మా దగ్గరికొచ్చిన కథలో ఆ మనిషి రియాక్టర్లు కడిగేవాడు. గుడ్డను దేంట్లో ముంచేవాడో, దాని వాసన షర్టులో ఎన్ని ఉతుకుల దాకా ఉండేదో రచయిత రాశాడు. మేం దాన్ని అనవసర వర్ణన అనుకున్నాం.

2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. 46 మంది చనిపోయినట్టు గుర్తించారు, మరో 8 మంది ఆనవాళ్ళే దొరకలేదు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. డీఎన్ఏ పరీక్షలు చేసి గాని శవాలను ఇంటివాళ్ళకు ఇవ్వలేకపోయారు. దీనికి తారీఖుంది, కవితలు కూడా వస్తాయి. కాని పక్క ఫ్యాక్టరీలో ఆ చప్పుడు విని, మర్నాడు అదే టైముకు మళ్ళీ పంచ్ కొట్టినవాడి లోపల ఏం జరుగుతోంది? ఆయన పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆయనకు దెబ్బ తగల్లేదు. ఆ తర్వాత ప్రతి సైరన్‌కూ ఆయన ఒళ్ళు చెమటలు పడుతుంటే దాన్ని ఎవరు రాయాలి?

ఇప్పుడు మాటల సంగతికొద్దాం. సాహిత్య విమర్శ మాటల దగ్గరే కదా మొదలు కావాలి.

'సుస్తీ' అనేది ఫారసీ నుంచి ఉర్దూకొచ్చిన మాట. ఉర్దూలో సుస్తీ అంటే బద్ధకం. అదే మాట తెలుగులోకొచ్చి జబ్బయింది. 'ఒంట్లో సుస్తీ చేసింది' అంటే ఏ తెలుగువాడూ బద్ధకమనుకోడు, అయ్యో అంటాడు. అంటే ఒకే మనిషి మంచం దిగకపోతే, ఇంట్లో దక్కనీలో వాళ్ళమ్మ దృష్టిలో సుస్తీ పట్టిన సోమరి. గోడవతల తెలుగు పొరుగామె దృష్టిలో సుస్తీ చేసిన రోగి. ఒక్క మాటకు రెండు తీర్పులు! రెండు భాషల్లో బతికే మేం ఈ తేడాను ఒక్క కవితలోనైనా వాడుకోలేదు.

'గాబరా' కూడా ఆ తోవనే వచ్చింది. ఉర్దూలో ఘబ్రాహట్ అంటే గుండె దడ, ఊపిరాడనితనం, ఏదో కానున్నదన్న భయం, అన్నీ కలిసినది. దక్కనీలో 'దిల్ ఘాబ్రారా' అంటే అమ్మలు నీళ్ళు తెచ్చి వీపు నిమురుతారు. తెలుగులో గాబరా కాసేపటి కంగారుగా తేలికైపోయింది. 'గాబరా పడకు' అంటే సరిపోతుంది. అందుకే పటాన్‌చెరులో మావాడు డాక్టరు దగ్గరికి పోయి 'గాబరాగా ఉంటుంది సార్' అంటే, డాక్టరుకు వినబడింది చిన్న మాట, మావాడు చెప్పింది పెద్ద జబ్బు. ఇక 'రంది' ఉంది. తెలంగాణలో తప్ప ఇంకెక్కడా ఇంత బరువుతో వినబడని మాట. రంది పెట్టుకున్న మనిషి తిండి మానేస్తాడని, మంచం పడతాడని, రందితోనే పోతాడని మా ఊళ్ళల్లో అందరికీ తెలుసు. డిప్రెషన్ అనే మాట కోసం వెతుక్కునే తెలుగు రచయిత ఈ రందిని ఎందుకు వాడడో మాకర్థం కాదు. బహుశా అది ముసలివాళ్ళ మాట అనుకుంటాడేమో.

'కమ్‌జోరీ' అన్నిటికంటే ఎక్కువ వినబడేది. ఆర్‌ఎంపీ ముందు కూచుని 'తాఖత్ కీ సూయి దేదో డాక్టర్ సాబ్' అంటారు. బలం సూది. పసుపు రంగు బీ కాంప్లెక్సు, లేకపోతే బెంచీ మీద పడుకోబెట్టి గ్లూకోజ్ సీసా. రోజు కూలీలో సగం పోతుంది. రెండ్రోజులు బాగున్నట్టు ఉంటుంది, బహుశా ఆ గంటసేపు ఎవరూ లేపకుండా పడుకున్నందుకే. సూది వెయ్యడానికి ముందు రక్తం చూడాలి. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, వీటిలో ఏదున్నా మనిషి ఇట్లాగే వాలిపోతాడు. అవేవీ కాకపోతే అప్పుడు మనసు సంగతి అడగాలి. అలసట డిప్రెషన్‌కు పక్క లక్షణమేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో, అదే ఐసీడీ-10లో, దిగులుతోను, దేనిమీదా ఆసక్తి లేకపోవడంతోను సమానంగా దాన్ని ముఖ్య లక్షణాల్లో చేర్చారు. ఒళ్ళు నొప్పులని వచ్చేవాళ్ళల్లో ఎంతమంది నిజానికి ఏడవలేక వచ్చినవాళ్ళో!

ఇంట్లో ఉన్న ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఆ కథలో భార్యకు పేరు లేదు. ఆమె చీరలకు ఫాల్స్ కుడుతుంటుందని రెండు లైన్లున్నాయి, అంతే. ఏ, బీ, సీ షిఫ్టులు మారినప్పుడల్లా ఆమె పొయ్యి కూడా మారుతుంది. ఆయన పడుకునేందుకు పిల్లల్ని బయటికి తోలాలి, మిషన్ చప్పుడు ఆపాలి, కుట్టాల్సినవి రాత్రికి జరపాలి. ఆమె షిఫ్టు అయిపోయిందని ఏ సైరనూ మోగదు. షాజహానా 'నఖాబ్' 2005లో ముస్లిం ఆడవాళ్ళ లోపలి గదుల్లోకి తెలుగు కవిత్వాన్ని తీసుకుపోయింది. ఆ దారిలో ఇంకా చాలా గదులున్నాయి. ఇందులో మగ రచయితలం మేం సిగ్గుపడాల్సింది ఎక్కువే.

మతం దగ్గర ఆగాలి. ఆగకపోతే సెక్యులర్ పాఠకుడు మేం తప్పించుకున్నామంటాడు, మావాళ్ళు మేం భయపడ్డామంటారు. 'మాయూసీ కుఫ్ర్ హై' అని మా ఇళ్ళల్లో ఒక మాటుంది. నిరాశ పడడం అవిశ్వాసమని. చెప్పేవాళ్ళు ధైర్యం కోసమే చెబుతారు. వినేవాడికి మాత్రం జబ్బు మీద నేరం కూడా అంటుకుంటుంది. నమాజులో నిలబడలేక, ఆయత్ మధ్యలో మరిచిపోయి, 'నా ఈమానే పోయింది' అని కుమిలేవాళ్ళు మాకు తెలుసు. వాళ్ళకు సబర్ చెయ్యమని చెప్పేవాళ్ళు ఖురాన్‌లో యాఖూబ్ ప్రవక్త సంగతి ఎందుకు చెప్పరు? కొడుకు యూసుఫ్ కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్ళు తెల్లబడ్డాయి. ఆయన ప్రవక్తతనం పోలేదు. భార్య ఖదీజా, పెదనాన్న అబూ తాలిబ్ పోయిన సంవత్సరాన్ని ముహమ్మద్ ప్రవక్త జీవితచరిత్రల్లో 'ఆముల్ హుజ్న్', దుఃఖ సంవత్సరం, అనే పిలుస్తారు. 934లో చనిపోయిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒక వైద్యగ్రంథం రాశాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం కనబడని దుఃఖం వేరు అన్నాడు. రెండోదానికి మూలం ఒంట్లో ఉంటుందని, దానికి వైద్యం కావాలని అన్నాడు. వెయ్యేళ్ళ కింద మా వైద్యుడికి తెలిసిన ఈ తేడా మా మహల్లాల్లో ఇవాళ తెలియదు. నజర్, జిన్, తావీజ్ మాత్రం తెలుసు.

తావీజ్‌ను వెక్కిరించి ఊరుకోవడం మాకిష్టం లేదు. మావాళ్ళల్లో హేతువాదులు ఆ పనే చేస్తారు. దర్గా మెట్ల మీద గంటసేపు కూచుని, ఎవరూ ఏమీ అడగకుండా ఏడ్చి వచ్చే అవకాశం మా ఆడవాళ్ళకు ఇంకెక్కడ ఉంది? ఏ ఆసుపత్రి వాళ్ళకు ఆ గంట ఇచ్చింది? దర్గాకు పోనీయండి, ఆసుపత్రికి కూడా పోనీయండి. మా అభ్యంతరమల్లా ఒకటి తొక్కితే రెండోది తొక్కకూడదనేవాళ్ళ మీదే.

చివరగా మాకు మేం వేసుకోవాల్సిన ప్రశ్న. ఇదంతా అణచివేత వల్లే వచ్చింది, వివక్ష పోతే జబ్బు పోతుంది అని మాలో కొందరంటారు. మెదడులో రసాయనం తగ్గింది, మాత్ర వేస్తే సరి, మతం గొడవెందుకు అని డాక్టరంటాడు. మొదటి మాట విన్నవాడు విప్లవం దాకా మందు వేసుకోడు. రెండో మాట విన్నవాడు మళ్ళీ అదే గదికి, అదే షిఫ్టుకు, గది కిరాయికి అడిగితే పేరు విని మొహం మార్చే అదే ఓనరు దగ్గరికి పోతాడు. 2015-16లో నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు గురైనవారని తేలింది. సాధారణ మానసిక సమస్యలున్నవాళ్ళల్లో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందలేదని తేలింది. ఆ లెక్కలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. జబ్బుకు మతం లేదు నిజమే. అయితే జబ్బు దగ్గర నుంచి డాక్టరు దగ్గరికి పోయే దారికి మతం ఉంది, కులం ఉంది, కాంట్రాక్టరు ఉన్నాడు. ఒక పూట సెలవు పెడితే పని పోయేవాడు, ఈఎస్‌ఐ కార్డు లేనివాడు, పేరు పిలిస్తే హాలంతా తలతిప్పి చూస్తుందేమోనని జంకేవాడు, వీళ్ళకు ఆ దారి పొడుగు వేరే. మేం రాయాల్సింది ఆ పొడుగును.

కథలో ఆ మనిషి మొదట ఒకసారి ఒక డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటాడు. ఎనిమిది రోజులు వేసుకొని, గుణం లేదని పారేస్తాడు. ఆ మాత్రలు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని, డాక్టరుకు చెప్పకుండా ఆపకూడదని ఆయనకెవరూ చెప్పలేదు. అది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు 2022 నుంచి తెలుగులో కూడా మాట్లాడుతున్నారు. కథ రాసినప్పటికి రచయితకు అది తెలియదు. చదివినప్పటికి మాకూ తెలియదు.

పోయిన నెల ఆ కాగితాల ఫొటోలు మళ్ళీ తీసి చదివాం. అందులో లోపాలున్నాయి. మధ్యలో సూపర్‌వైజర్ మాట్లాడే నాలుగు పేజీలు పత్రికలో వార్తలాగున్నాయి. భార్య సంగతి ముందే చెప్పాం. కాని ఆ బూటు దగ్గర, ఆ బస్సులో, మాకు తెలిసిన ఏ ముస్లిం కథా పోని చోటుకు పోయాడు ఆయన. 'నీ పేరేంది' అని ఎవరూ అడగకుండానే పేరు బరువు తెలిసే చోటు. కండక్టరు ఎర్రగడ్డ అని అరిచినప్పుడు ఆయనకు రెండు భయాలు ఒక్కసారే కలుగుతాయి. పిచ్చోడనుకుంటారని ఒకటి. పిచ్చి తురకోడనుకుంటారని రెండోది. ఆ రెండో భయాన్ని ఆయన ఒకే ఒక్క వాక్యంలో రాసి వదిలేశాడు. మేం మొదటిసారి ఆ వాక్యాన్ని దాటేసి చదివాం.

ఫోన్ చేశాం. మొదట గుర్తుపట్టలేదు. తర్వాత నవ్వాడు. 'మీరు చెప్పినంక మార్చిన సార్' అన్నాడు. కొత్త కాగితాలు పంపాడు. మొత్తం పదిహేనయ్యాయి. బస్సు దృశ్యం తీసేసి, దాని చోట ఒక అల్లరి మూకను, కాలిన దుకాణాన్ని, లాఠీ ఎత్తిన పోలీసును పెట్టాడు. అజా కూడా వినిపిస్తుంది. మాకేం కావాలో ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నాడు.

ఆ నాలుగు పేజీలు తీసేసి, బస్సును మళ్ళీ పెట్టమని అడిగాం. తప్పు మాదేనని కూడా చెప్పాం. 'సూస్త సార్' అన్నాడు. ఈ వారం ఆయనది సీ షిఫ్టు.